రాయి, బాయి

ఆ రోజు నేను చేసిన తప్పు ఒక్క అక్షరం. మా బావమరిది 'బాయి' అన్నాడు. నేను 'రాయి' అని విని, చేతిలో ఉన్న కొత్త మిషను తెర మీద రాయి గుర్తు నొక్కాను. మా ఇళ్ళలో బావిని బాయి అంటాం. కరువేల తుమ్మకంపల మధ్య, దరి అనే చుట్టుగోడ కూడా లేకుండా నేలకు సమంగా నోరు తెరుచుకున్న పాడుబావి, నా వేలి కింద సర్వే రాయి అయిపోయింది. అది ఎండాకాలం. వానలు పడి గడ్డి మొలిచాక ఒక మనిషిని నేనే ఆ రాయి దగ్గరికి పంపాను. అదీ వెనక్కి నడిపించి.

తప్పు గాలిది అని మా ఇంట్లో చెప్పాను. చెవిది అని నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు రాస్తున్నది ఆ రెండూ కావని ఒప్పుకోవడానికి.

తొంభైలలో కోవిల్‌పట్టిలో నేను సర్వే పని నేర్చుకున్నప్పుడు మాకు ఉన్నవి గొలుసు, కోణాలు కొలిచే థియొడొలైటు, పెన్సిలు. గొలుసు చివర ఉన్నవాడు అంకె అరిచేవాడు. రాసేవాడు అదే అంకెను తిరిగి అరిచేవాడు. అవతలివాడు 'ఆఁ' అన్నాకే కాగితం మీద పెన్సిలు కదలాలి. నాకు పని నేర్పిన పెద్దాయన ఈ ఒక్క విషయంలో మాత్రం చెయ్యి చేసుకునేవాడు. విన్నది తిరిగి చెప్పకుండా రాస్తే నెత్తిన మొట్టికాయ పడేది. నాకు అది చాదస్తంగా తోచేది. ఎదుటివాడి నోటి ఎంగిలి మళ్ళీ మన నోట్లో పెట్టుకోవడం ఎందుకు అనుకునేవాణ్ణి.

తర్వాత విరుదునగర్‌లో ఒక సర్వే ఆఫీసులో చేరాను. కింద నూనె గిడ్డంగి, పైన మేము. యజమానిని అందరం ముదలాళి అని పిలిచేవాళ్ళం. ఆయన టోటల్ స్టేషన్ కొన్నాడు. దానితో గొలుసు పోయింది. మూడుకాళ్ళ మీద మిషను, దూరంగా కర్రకు కట్టిన ప్రిజమ్ అద్దం. మిషను నుంచి వెళ్ళిన కిరణం ఆ అద్దానికి తగిలి తిరిగొస్తే దూరం, కోణం రెండూ తెలుస్తాయి. ఆ కొలతలను దాచిపెట్టే చేతి పెట్టెను డేటా కలెక్టర్ అంటారు, దాన్నీ మేము మిషను అనే పిలిచేవాళ్ళం. కొలిచిన ప్రతిచోటా అది ఏమిటో ఒక పేరు కూడా ఎక్కించాలి. చెట్టు, గట్టు, రాయి, బావి, కరెంటు స్తంభం. వాటిని కోడ్‌లు అనేవాళ్ళం.

రెండువేల సంవత్సరం దాటాక ఒక ఎండాకాలం, ముదలాళి రెండు రకాల కలెక్టర్లు నా ముందు పెట్టాడు. ఒకటి మేము అప్పటికే వాడుతున్నది. ఇంకొకటి అమ్మేవాళ్ళు చూసి చెప్పమని ఇచ్చిపోయినది. రెంటినీ ఒకే పొలంలో వాడి, ఏది మేలో, దానిలో నడిచే సాఫ్ట్‌వేర్ ఏది మనకు సరిపోతుందో చెప్పమన్నాడు. కొత్తది కొంటే దాన్ని నడిపేది నేనేనని కూడా అన్నాడు. ఆ చివరి మాట నా చెవిలోనే ఉండిపోయింది.

పాతది ఇటుకంత బరువు. రబ్బరు మీటలు, బూడిద రంగు అద్దంలో కొన్ని వరసల అక్షరాలు. బొమ్మ ఉండదు. కోడ్‌ను ఒక్కో అక్షరం వెతికి నొక్కాలి. కానీ నడి ఎండలో కూడా అద్దం కనిపించేది. దుమ్ము పడితే లుంగీతో తుడిచేసి మళ్ళీ నొక్కుకోవచ్చు. లోపలి చిన్న బ్యాటరీ అయిపోతే మాత్రం పొద్దుటి నుంచి కొలిచినదంతా గంగలో కలిసేది.

కొత్తది అరచేతి కంప్యూటరు. రంగుల తెర, నొక్కడానికి ఒక పుల్ల. కొలిచిన చోటల్లా తెర మీద అప్పటికప్పుడే చుక్క పడేది, గట్టు గీత సాగేది, చెట్టుకు చెట్టు గుర్తు, రాయికి రాయి గుర్తు. పొలం మన కళ్ళ ముందే ప్లాను అయిపోయేది. ఎండలో తెర నల్లబడేది కనుక గొడుగు పట్టాలి. వేడెక్కితే బిగుసుకుపోయేది, ఆపి మళ్ళీ మొదలుపెట్టాలి. అవి నాకు లోపాలుగానే కనిపించలేదు. కొత్తగా పెళ్ళయినవాడికి భార్య కోపం కూడా ముద్దుగా ఉన్నట్టు.

నన్ను పూర్తిగా పడేసింది కోడ్‌ల జాబితా. పాతదానిలో ముదలాళి ఎక్కించిన తమిళ మాటలే ఉండేవి, ఇంగ్లీషు అక్షరాల్లో. కొత్తదానిలో ఎవరికి కావలసిన జాబితా వాళ్ళు చేసుకోవచ్చు. నేను అవే ఇంగ్లీషు అక్షరాల్లో మా ఇంటి మాటలు ఎక్కించాను.

ఇది బయటివాళ్ళకు చిన్న విషయం. మేము కోవిల్‌పట్టి పక్క కరిసల్ నేల ఊళ్ళ తెలుగువాళ్ళం. నల్లరేగడిని మేము కూడా కరిసల్ అనే అంటాం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. బడిలో తమిళం, పనిలో తమిళం, ఇంగ్లీషు. ఈ తెలుగు అక్షరాలు కూడా నేను నడివయసులో నేర్చుకున్నవి. అప్పటికి మా భాషను నేను ఎక్కడా రాసి చూడలేదు. రాయి, గట్టు, బాయి, మాను. మా అమ్మ నోట్లో తప్ప ఎక్కడా లేని మాటలు ఆ తెర మీద రంగుల్లో వెలిగితే నాకు ఒళ్ళు పొంగింది.

ప్రిజమ్ కర్ర పట్టేది మా బావమరిది, నా భార్య తమ్ముడు. పెళ్ళాం పిల్లలు ఉన్నవాడైనా నాతో వేళాకోళం మానడు. పాత మిషనుతో పనిచేసేటప్పుడు రాయికి తమిళంలో 'కల్' అని వాకీటాకీలో చెప్పాలి. వాడు దాన్ని కావాలనే సాగదీసి 'కల్లు' అనేవాడు. "బావా, ఈడ కల్లు ఉండాది. ముంత ఎత్తుకొని రా."

కొత్త జాబితా చూపిస్తే వాడు తెరలోకి వంగి చాలాసేపు చూశాడు. తర్వాత, "మా అక్క తిట్లు గూడా ఎక్కించు బావా, పొద్దుగూకినాక పనికొస్తాయి" అన్నాడు.

పొలం పుదూరు వైపు. వానను నమ్ముకున్న మెట్ట. ఒక నూలు మిల్లువాళ్ళు షెడ్డుకోసం కొన్నారు. అమ్మిన కుటుంబం కారియాపట్టికి తరలిపోయింది, అడగడానికి చుట్టుపక్కల ఎవరూ లేరు. నేల ఎండి పగుళ్ళు విచ్చి ఉంది. కాలు జారితే మడమ దాకా దిగే పగుళ్ళు. గాలి ఆగకుండా వీస్తోంది. ఎప్పుడూ ఏదో ఒక మూల నుంచి దుమ్ము లేచి, ఎవరో నడిచొస్తున్నట్టు కనిపించి, మళ్ళీ పడిపోయేది.

పొద్దున సగం పొలం పాత మిషనుతో చేశాం. వాడు చెప్పిన మాటను నేను మీట మీట వెతుక్కుంటూ పైకి పలుకుతూ నొక్కేవాణ్ణి. నేను నొక్కేలోపు వాడు ఇంకో మాట కలిపేవాడు. కల్, ఒరిగింది. మరం, అంటే చెట్టు, ఎండిపోయింది. ఆ నెమ్మదిలో నాకు తెలియకుండానే పెద్దాయన పద్ధతి బతికే ఉంది. నేను మాత్రం అంతసేపూ విసుక్కుంటూనే ఉన్నాను.

మధ్యాహ్నం మిగతా సగానికి కొత్తది తీశాను. వాడు మాట అంటాడు, నేను పుల్లతో ఒక్క పోటు పొడుస్తాను, అయిపోయింది. వాడు పరిగెత్తాల్సి వచ్చింది. ముదలాళికి చెప్పబోయే మాటలు నా తలలో అప్పుడే తిరుగుతున్నాయి. ఎక్కువ మాట్లాడకు, పేరు చెప్పి సాగిపో అని వాడికి రెండు మూడుసార్లు చెప్పాను. వాకీటాకీలో ఒక గుణం ఉంది. మనం మీట నొక్కి మాట్లాడుతుంటే అవతలివాడి మాట మనకు రాదు. వాడు నోరు మూయాలంటే మనం మీట నొక్కితే చాలు.

కరువేల గుబురు వెనక వాడు కనబడలేదు. ప్రిజమ్ అద్దం మాత్రం పైన మెరుస్తోంది. గాలి హోరులో వాడి గొంతు వచ్చింది. "బాయి బావా. దరి లే..."

రాయి అని పొడిచాను. వాడి మాట పూర్తి కాకముందే నా మీట నొక్కి, "ఆఁ, అయింది, పద" అన్నాను.

వాడు ఇంకా ఏదో చెప్పే ఉంటాడు. నా వేలు మీట మీదే ఉంది.

కొత్త మిషనే మేలని రాసి ఇచ్చాను. వేగం, తెర మీద బొమ్మ, ఎవరి జాబితా వాళ్ళు చేసుకునే వీలు. రాసినదంతా నిజమే. ముదలాళి కొన్నాడు.

దీపావళి నాటి ఐప్పసి నెల వానలు ఆ ఏడు బాగా పడ్డాయి. నల్లనేల పగుళ్ళు మూసుకుని ఉబ్బింది. మిల్లువాళ్ళు షెడ్డు మూలలకు మేకులు కొట్టించమన్నారు. మా బావమరిదిని ముదలాళి ఆలంగుళం వైపు సున్నపురాయి గనుల సర్వేకు పంపాడు. నాతో ప్రిజమ్ పట్టడానికి కొత్తగా చేరిన ఒకతను వచ్చాడు. కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల పని చేసి, మందు వాసనకు దగ్గు పట్టుకుంటే మానేసి మా దగ్గర చేరాడు. నాకంటే కొంచెం చిన్న. తమిళుడు, నన్ను అన్నా అనే అర్థంతో అన్నే అని పిలిచేవాడు. ఆ పొలంలో ఇంతకుముందు కాలు పెట్టినవాడు కాదు.

ఎండాకాలంలో చూసిన నేల కాదది. నడుము దాకా గడ్డి. కరువేల మీదికి ఏవో తీగలు పాకి గుబురంతా ఒకే ముద్దగా ఉంది. గాలి లేదు. పిట్ట కూడా పలకలేదు. పని చేసుకోవడానికి ఇంతకన్నా మంచి రోజు దొరకదని అన్నాను.

మూలలు గుర్తుపెట్టే పనిలో ఒక పద్ధతి ఉంది. ప్రిజమ్ అద్దం ఎప్పుడూ మిషను వైపే చూస్తుండాలి. కనుక కర్ర పట్టినవాడు మాకు మొహం చూపిస్తూనే కదలాలి. ముందుకు అంటే మా వైపు, వెనక్కి అంటే వాడి వీపు వైపు. వీపు వైపు నేలను వాడు చూడడు. ఆ నేలను వాడి బదులు మేము చూడాలి, అదీ ఒప్పందం. ఎవరూ పైకి చెప్పుకోరు. నేను ఆ రోజు నేలను తెరలో చూశాను.

చివరి మూల ఆ గుబురు పక్కనే పడింది. తెర మీద బాణం వెనక్కి చూపిస్తోంది. మేకు పడాల్సిన చోటుకు ఆనుకునే రాయి గుర్తు, ముచ్చటగా, పచ్చ రంగులో. పాత మిషను అయితే బూడిద అద్దంలో అంకెలు తప్ప ఏమీ ఉండేవి కావు. ఏమీ కనిపించనప్పుడు మనిషి లేచి వెళ్ళి చూస్తాడు. నాకు అన్నీ కనిపిస్తున్నాయి.

వెనక్కి రమ్మన్నాను. వచ్చాడు. గడ్డి వాడి నడుము నుంచి ఛాతీకి వచ్చింది.

"వెనక ఏముందన్నే?" అని అడిగాడు.

"సర్వే రాయి. మడమకు తగులుతుంది, అక్కడ ఆగు."

ఒక అడుగు వేశాడు. అద్దం కొంచెం ఊగి నిలిచింది.

"తగల్లేదన్నే."

"ఇంకొంచెం."

"ఇంకా తగల్లేదే."

"ఇంకొక్క అడుగు" అన్నాను.

మిషను దూరదర్శిని గుండ్రంలో వాడి మొహం, ప్రిజమ్, కర్రను పట్టుకున్న వేళ్ళు ఉన్నాయి. తర్వాత ఆ గుండ్రంలో ఆకాశం మాత్రమే ఉంది. తెర మీద బాణం అలాగే వెనక్కి చూపిస్తోంది. వాకీటాకీలో గరగరమని మట్టి రాలుతున్న చప్పుడు, కాసేపటికి అదీ లేదు. మా చుట్టూ పొలం ఏమీ జరగనట్టే ఉంది. ఆ నిశ్శబ్దంలో నాకు ఎండాకాలం నాటి గొంతు పూర్తిగా వినబడింది. దరి లేదు.

బతికాడు. లోపలి గోడ నుంచి పెరిగిన కరువేల మొద్దు ఒకటి వాడిని పట్టింది. అడుగున వాన నీళ్ళు నల్లగా ఉన్నాయి, వాడు వాటి దాకా పోలేదు. మేకులు కొట్టడానికి వచ్చిన కూలీలు తాళ్ళు దించారు. నేను దిగి వాడి చంకల కింద ముడి వేశాను. మట్టి పెళ్ళలు మా మీద పడుతూనే ఉన్నాయి. వాడు నన్ను ఏమీ అనలేదు. "రాయి తగల్లేదన్నే" అని మాత్రం అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నాడు, తనదే ఏదో తప్పు ఉన్నట్టు. తొడ ఎముక విరిగింది. అతికింది కానీ ఆ కాలు మళ్ళీ మునుపటిలా మోయలేదు.

కోవిల్‌పట్టి ఆసుపత్రి వరండాలో ముదలాళి కొత్త మిషను తెరిచి చూశాడు. అందులో రాయి అనే ఉంది. మిషను నొక్కిన మాటను దాచుకుంటుంది, చెప్పిన మాటను కాదు. ఎండాకాలంలో ప్రిజమ్ పట్టింది ఎవరని అడిగాడు. నా బావమరిది అన్నాను. అది నిజం. అక్కడితో ఆపాను. నా రెండో తప్పు అదే, మొదటిదానికన్నా పెద్దది. మొదటిసారి నేను తప్పుగా విన్నాను. ఈసారి ముదలాళి తప్పుగా వింటుంటే చూస్తూ ఊరుకున్నాను.

బావిని చూసి రాయి అన్నవాడు ఇక మనకు వద్దని ముదలాళి వాణ్ణి మానిపించాడు. మా ఊళ్ళల్లో ఇలాంటి మాట తొందరగా తిరుగుతుంది. మనిషిని బావిలో పడేసినవాడు అని వాడి వెనక అనడం మొదలైంది.

మా బావమరిది ఇంటికి వచ్చాడు. ఎప్పుడూ వంటింట్లోకి నేరుగా వెళ్ళేవాడు, ఆ రోజు వాకిట్లోనే కూర్చున్నాడు. వేళాకోళం లేదు.

"బాయి అనే చెప్తిని బావా. దరి లేదు, పదిలం అని గూడా చెప్తిని. నీకు వినబళ్ళేదా?"

"గాలి" అన్నాను.

వాడు నా మొహంలోకి చూశాడు. "గాలే అయితే, ఇంకోసారి చెప్పరా అని అడగవచ్చు గదా."

లోపల నా భార్య అంట్లు తోముతున్న చప్పుడు ఆగింది. నేను సమాధానం చెప్పేదాకా అది మళ్ళీ మొదలుకాదని తెలిసింది. వాడు చెంబెడు నీళ్ళు తాగి, చెంబు గడప మీద బోర్లించి వెళ్ళిపోయాడు. ఆమె ఆ తర్వాత నాతో మాట్లాడింది, అన్నం పెట్టింది. బావి మాట మాత్రం ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు సులువుగా ఉండేది.

మర్నాడు విరుదునగర్‌కు వెళ్ళి ముదలాళికి జరిగినదంతా చెప్పాను. జాబితా నా సొంత మాటలతో చేసింది నేనని, మా నోట్లో రాయికీ బాయికీ తేడా ఒక్క అక్షరమని, తమిళ జాబితా ఉంటే బావికి వాడు కిణరు అనేవాడని, కిణరును ఎవరూ కల్ అని వినరని. వాడు చెబుతుండగా నేనే మీట నొక్కి వాడి నోరు మూశానని. ఆసుపత్రిలో ఊరుకున్నానని కూడా. కింద గిడ్డంగిలో డబ్బాలు దొర్లిస్తున్నారు, ఆయన వినడానికి నేను గట్టిగా చెప్పాల్సి వచ్చింది. పక్క గదిలో వాళ్ళందరూ విన్నారు. అదే మంచిదయింది. ముదలాళి నన్ను పొమ్మనలేదు. ఇక మిషను ముట్టుకోవద్దన్నాడు. నేనూ అదే అడగడానికి వచ్చానని చెప్పాను.

మా బావమరిదిని నేనే వాళ్ళ ఊరు వెళ్ళి పిలుచుకొచ్చాను. వాడి వాకిట్లో పదిమంది ఉన్నప్పుడు, తప్పు వాడిది కాదు నాదని చెప్పాను. వాడు తల వంచుకుని విన్నాడు. బస్సెక్కాక అడిగాడు. "ఇంక జాబితాలో బాయికి ఏం పేరు పెడతావు?"

"కిణరు."

"రాయికి?"

"రాయే."

"మంచిది" అన్నాడు కిటికీలోంచి చూస్తూ. "కల్లు పోయింది, బాయి పోయింది. రాయి మిగిలింది నీకు."

నవ్వాడో లేదో నాకు కనబడలేదు.

కాలు విరిగినవాడు దున్నిన నేల మీద నడవలేడు. అగ్గిపెట్టెల పనికి మళ్ళీ పోతే దగ్గు. వాడు కూర్చుని చేయగల పని మా దగ్గర ఒక్కటే ఉంది, మిషను వెనక పని. ముదలాళిని అడిగి ఆదివారాలు వాడింటికి మిషను తీసుకెళ్ళి నేర్పాను. వాడికి ఆ పని ఇవ్వమని ఆయన్ను ఒప్పించడానికి చాలాకాలం పట్టింది. వాడికి ఇంగ్లీషు అక్షరాలు తొందరగానే పట్టుబడ్డాయి. పుల్లతో పొడవడం కన్నా ముందు ఇంకొకటి నేర్పాను. విన్న మాటను తిరిగి చెప్పడం. అవతలివాడు 'ఆఁ' అనేదాకా చెయ్యి కదపకపోవడం. నేర్పుతూ నేనూ మళ్ళీ నేర్చుకున్నాను.

ఆ తర్వాత ప్రిజమ్ కర్ర నేను పట్టాను. ఇన్నాళ్ళు మిషను వెనక నిలబడినవాడు కర్ర మోస్తున్నాడని కొంతమంది నవ్వారు. వాళ్ళు నవ్వడం న్యాయమే.

వాడితో మొదటిసారి పొలానికి వెళ్ళినప్పుడు కూడా గడ్డి ఎత్తుగా ఉంది. వాడు పీట మీద కూర్చుని, ఊతకర్ర పక్కన పెట్టి, దూరదర్శినిలో కన్ను పెట్టాడు. నేను వాడికి మొహం చూపిస్తూ నిలబడ్డాను. వీపు వెనక ఏముందో నాకు తెలియదు.

"వెనక్కి రా అన్నే" అన్నాడు వాకీటాకీలో.

ఒక అడుగు వేశాను. గడ్డి కాళ్ళకు చుట్టుకుంది.

"ఇంకొంచెం." కాసేపు గరగర. "ఆగన్నే. ముందు తిరిగి చూడు. చూసి చెప్పు."

తిరిగి చూశాను. కాలితో గడ్డి తొక్కి, వంగి, చేత్తో తడిమాను. తడి కరిసల్ వేళ్ళకు అంటుకుంది.

"నేల" అన్నాను.

"నేల" అన్నాడు వాడు.

"ఆఁ" అన్నాక, వెనక్కి అడుగు వేశాను.